ఆపరేషన్ ఆగిపోతుందని దాచిన జ్వరం

ఆ రోజు ఉదయం గేటు దగ్గర ఒకమ్మాయి నన్ను చూసి, "అంకుల్, మీ కళ్లు పచ్చగా ఉన్నాయండి" అంది. ఆమె మెడలో బ్యాడ్జ్ లేదు. నన్ను మాటల్లో పెట్టి లోపలికి జారుకుందామని చూస్తోందనుకుని, ముందు బ్యాడ్జ్ చూపించమన్నాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఐటీ కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఎవరి మాటా ఊరికే నమ్మకపోవడమే నా ఉద్యోగం. ఆమె బ్యాగులోంచి బ్యాడ్జ్ తీసి చూపించి వెళ్లిపోయింది. తర్వాత అద్దంలో చూసుకుంటే ఆ అమ్మాయి అన్నది నిజమే.

అప్పటికి వారం నుంచి ఒళ్లంతా దురద. కామెర్లని మా ఖాజాగూడలో అందరూ తేల్చేసి పసరు మందు తాగమన్నారు. అందులో ఏం కలుపుతారంటే చెప్పలేదు, అందుకే తాగలేదు. నా అనుమానం నాకు మేలు చేసింది ఆ ఒక్కసారే.

హాస్పిటల్‌కి వెళ్తే సీటీ స్కాన్ తీశారు. ఎండోస్కోపీతో ముక్క తీసి బయాప్సీకి పంపారు. పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, తలభాగంలో క్యాన్సర్ అని తేలింది. మూసుకుపోయిన పైత్యనాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టాక కళ్ల పచ్చదనం తగ్గింది.

సర్జన్‌ది భీమవరం వైపు, నిదానంగా మాట్లాడతారు. "గడ్డ రక్తనాళాన్ని ఆనుకుని ఉందండి యాదగిరి గారూ. ఇప్పుడే కోస్తే కొంత లోపల మిగిలిపోవచ్చు. ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇద్దాం. ఆ తర్వాతే ఆపరేషన్" అన్నారు. ఎప్పుడంటే, స్కాన్ చూశాక చెప్తానన్నారు.

తేదీ చెప్పని పని జరగదని నా నమ్మకం. మా బామ్మర్ది కూడా, "కోసేటిదుంటే గప్పుడే కోస్తుండిరి బావా. ఇగ మందులతోని దినాలు గడుపుతున్నరు" అన్నాడు. పైగా ప్రతిసారీ నేను బయటికొచ్చాక నా భార్య సుగుణ ఏదో మర్చిపోయినట్టు మళ్లీ డాక్టర్ గదిలోకి వెళ్లేది. ఏమన్నారని అడిగితే, మంచిగా తినమన్నారనేది. ఆ ఒక్క మాటకు పది నిమిషాలెందుకు? సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒకసారి ఆమె ఫోన్ తీసి చూశాను. ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

నాలుగు నెలలు కీమో నడిచింది. చల్లటి గ్లాసు పట్టుకున్నా వేళ్లు జివ్వుమనేవి. తర్వాత ఐదు వారాల రేడియేషన్, వారానికి ఐదు రోజులు, దాంతోపాటు కీమో మాత్రలు. బల్ల మీద కదలకుండా పడుకుంటే కాసేపట్లో అయిపోయేది. నొప్పే లేదు. నొప్పి లేని వైద్యం పనిచేస్తోందంటే నమ్మడం నావల్ల కాలేదు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చలి పుట్టింది. జ్వరం నూట రెండు దాటింది. జ్వరమొస్తే వెంటనే ఫోన్ చేయమని నర్సు నా ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చింది. నేను చేయలేదు. ఈ వంకతో రేడియేషన్ ఆపేస్తారు, ఆపేసి ఇక ఆపరేషన్ కుదరదంటారు, వాళ్లకు కావలసింది అదే అనుకున్నాను. మామూలు జ్వరమే, తగ్గిపోతుందిలే అని పారాసిటమాల్ వేసుకున్నాను. మర్నాడు రేడియేషన్‌కి వెళ్లి అంతా బాగుందని చెప్పి వచ్చాను.

ఆ సాయంత్రం నడి ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. సుగుణ థర్మామీటర్ తెచ్చి బటన్ నొక్కింది. నొక్కగానే అంతకుముందు చూసిన జ్వరం ఎంతో ఒక్క క్షణం కనిపిస్తుందని నాకు తెలియదు. కెమెరాల రికార్డు తిప్పి ఎందరినో పట్టుకున్నవాణ్ణి, ఇంట్లో దొరికిపోయాను.

"ఎందుకు దాచినవ్?" అంది.

"నువ్వు దాస్తలేవా? ఆ గదిల ఏం మాట్లాడ్తవో చెప్పు."

క్యాబ్ బుక్ చేస్తూనే చెప్పింది. గడ్డ లొంగకపోతే ఆపరేషన్ ఉండకపోవచ్చని డాక్టర్ మొదట్లోనే ఆమెతో అన్నారట. నాకు చెప్పొద్దని ఆమే బతిమాలిందట. "తెలిస్తే మందులు బంద్ చేస్తవని భయమైంది" అంది. అంటే నేను అనుమానించింది నిజమే. కానీ అప్పుడు దాంతో నాకు ఒరిగిందేమీ లేదు, పళ్లు టకటకలాడుతున్నాయి.

హాస్పిటల్‌లో చూస్తే, స్టెంట్ మూసుకుపోయి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతోంది. రాత్రికి రాత్రే కొత్త స్టెంట్ వేశారు. సర్జన్ వచ్చి, "ఇంకొక్క రోజు ఆగుంటే మీరు ఆపరేషన్ దాకా వచ్చేవారు కాదండి" అన్నారు. నాకు భయమేసింది, సిగ్గూ వేసింది. ఇకమీద ఏదైనా నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పండి అన్నాను. "మొదటిరోజే మీకు చెప్పాల్సింది. అది నా పొరపాటే" అన్నారాయన.

పది రోజులు ఆగి రేడియేషన్ మళ్లీ మొదలైంది. అయ్యాక స్కాన్ చూసి, గడ్డ పెద్దగా తగ్గలేదు గానీ ఆపరేషన్‌కి ప్రయత్నించవచ్చన్నారు. పాంక్రియాస్ తలభాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలతో సహా తీసేసే ఆ విప్పుల్ ఆపరేషన్ దాదాపు రోజంతా పట్టింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. నేను మూడుసార్లు చదివి, ఇంకో డాక్టర్ చేత కూడా చదివించాను.

ఇప్పటికి ఏడాది దాటింది. కొంచెం కొంచెంగా తింటాను, తిన్నది అరగడానికి ప్రతి ముద్దకీ కాకపోయినా ప్రతి భోజనానికీ ఎంజైమ్ మాత్ర మింగాలి. షుగర్ వచ్చింది. పగటి డ్యూటీ మాత్రమే చేస్తున్నాను. మూడు నెలలకోసారి స్కాన్. డాక్టర్ గదిలోకి ఇద్దరం కలిసే వెళ్తాం, కలిసే వస్తాం.

స్టెంట్ ఉండి, కీమో నడుస్తున్నప్పుడు చలిజ్వరం వస్తే మాత్ర వేసుకుని చూద్దామనుకోవద్దు. ఆ గంటలోనే హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. నేను డాక్టర్‌ని అనుమానించాను, నర్సుని అనుమానించాను, కట్టుకున్నదాన్ని అనుమానించాను. నా ఒంట్లో కాలిపోతున్న జ్వరాన్ని మాత్రం మామూలు జ్వరమేనని నమ్మాను.