పొడి గోడలో తడి

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన మరుసటి వానాకాలం, మక్తల్ దగ్గరి మా ఊళ్లో ఒక ముసలమ్మ పళ్లు రాలగొట్టారు. రాలగొట్టింది మా నాయిన. కొట్టించింది నేను. అప్పుడు నాకు పదేళ్లు. ఇప్పుడు బడిలో పిల్లలకు సైన్సు చెబుతున్నాను కాబట్టి ఇది దాచుకునే హక్కు నాకు లేదు.

ఈనిన వారానికే, ముసురు పట్టిన రోజుల్లో, మా బర్రె కొట్టంలో చచ్చిపడింది. గోడలోని ఇనుప కొక్కేనికి కట్టేసింది కట్టేసినట్టే కాళ్లు చాచింది. విప్పబోయిన మా అమ్మను ఆ గోడ విసిరికొట్టింది. కరెంటేమో అని ఎవరో అన్నారు. అంతలో ఊళ్లో కరెంటు పోయింది. మా నాయిన గోడంతా తడిమి, పొడి గోడకు కరెంటేమిటని కొట్టిపారేశాడు. ఎండాకాలమంతా ఆ గోడకే ఆనుకుని కూర్చున్నవాళ్లం మరి.

అప్పుడు నేను నోరు తెరిచాను. పొద్దున పక్కింటి అవ్వ మా బర్రె చుట్టూ పిడికిలి తిప్పిందని, గోడ మీద చెయ్యి పెట్టి మంత్రం చదివిందని చెప్పాను. పిడికిలి తిప్పిన మాట నిజం. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, పాపం. మంత్రం నా సొంత కవిత్వం. పెద్దవాళ్లంతా నా వైపు తిరిగి వింటుంటే భలే బాగుంది నాకు.

బాణామతి అన్నారు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. మా నాయిన ముల్లుగర్రతో ఆమె వీపు మీద, మోకాళ్ల మీద బాదాడు. తర్వాత రాయి తీసుకుని మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు నెత్తురులో పడ్డాయి. “దిష్టి తీసిన బిడ్డా...” అంటుంటే మాట నురగలా కారిపోయింది. పళ్లన్నీ పీకితే మంత్రం పారదని మావాళ్ల నమ్మకం. మోటార్లు బాగుచేసే చాచా దగ్గర పట్కారు ఉంటుందని ఆయన్ని పిలుచుకొచ్చారు.

“పట్కారు ఇస్త. జర ముందుగాల గోడను జూడనియ్యుండ్రి” అన్నాడు చాచా. అంత గుంపులో ఆయన ఒక్కడు.

పశువుల మూత్రంతో చౌడెక్కిన ఆ గోడలోంచి ఇటుక పెచ్చు ఒకటి తీశాడు. మా పొయ్యి మీద బాగా కాల్చి, చల్లార్చి, కరెంటు పారేదీ లేనిదీ చూపే తన మీటరు తీగలు రెండూ ఆనించాడు. కరెంటు పారినట్టు అంకె ఏదీ రాలేదు. అదే పెచ్చును కాసేపు మరిగే నీళ్ల ఆవిరికి పట్టి, తువ్వాలతో తుడిచి, అందరి చేతా ముట్టించాడు. అందరికీ పొడిగానే తగిలింది. మళ్లీ తీగలు పెట్టి నన్ను చదవమన్నాడు. అంకె వచ్చింది. పైకి చదివాను.

“ముసురువడితె గాలిల తడినంత గీ చౌడువట్టిన ఇటుక కడుపుల దాసుకుంటది. చేతికి తెల్వది, కరెంటుకు తెలుస్తది” అన్నాడు. కొక్కెం పక్కన గోడ మీది గిలాబు పూత చెక్కితే, ఎలుక కొరికిన బల్బు తీగ గోడకు అంటుకుని కనబడింది.

తర్వాత నా ముందు కూర్చున్నాడు. “బిడ్డా, నువ్వు కండ్లతోని ఏం జూసినవ్? గంతే చెప్పు.”

చెప్పాను. మంత్రం లేదని కూడా చెప్పాను. మా నాయిన అక్కడే కూలబడి ఏడ్చాడు. చాచా అవ్వను బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. వెనకాల మా అమ్మ పట్టుకుని కూర్చుంది.

అవ్వ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, జావ తాగుతూ. మా అమ్మ పట్టుకెళ్లిన గిన్నె తీసుకునేది. చివరికి మా నాయిన చేతి గిన్నె కూడా తీసుకుంది. నేను పట్టుకెళ్తే మాత్రం తలుపు తీసేది కాదు. ఆమె కోపం న్యాయమే. మా నాయిన తెలియక కొట్టాడు, నేను తెలిసి చెప్పాను.

ఇప్పటికీ ఎవరి గురించైనా చూసినదానికి ఒక్క మాట కలపబోతే, నా నాలుక పోయి ముందు పళ్లను తడుముతుంది. నా పళ్లన్నీ నాకున్నాయి.