మేకులు కొట్టిన రెండు పొరలు

మా ఆయనకు జూలూరుపాడు దగ్గర మిరప నారు నర్సరీ. నాకు కొత్తగూడెంలో ఫిజిక్స్ పాఠాలు, మిగిలిన వేళల్లో పిహెచ్‌డీ. ఈ వయసులో పిహెచ్‌డీ ఏమిటని అడిగిన ఒక చుట్టాన్ని, మీకు షుగర్ ఏ వయసులో వచ్చిందని అడిగాను.

నా పనంతా కంప్యూటర్‌లోనే. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్‌ను ఒక్క పరమాణువు మందాన ఒలిస్తే వచ్చే పొర గ్రాఫీన్. అలాంటి రెండు పొరలు పేర్చి, పైదాన్ని ఒక డిగ్రీకి కాస్త పైగా తిప్పితే, లోపలి ఎలక్ట్రాన్లు పరుగు మాని నత్తనడక పడతాయి. గ్రాఫులో వాటి శక్తి స్థాయిలు మిగతావాటికి అంటకుండా సన్నటి పట్టీలా కనబడాలి. నాకు పట్టీ వచ్చింది కానీ పక్కవాటికి అంటుకునే ఉంది. ఈసారి సమీక్షలో కమిటీ ఒప్పుకోకపోతే అంశమే మార్చుకోవాలని గైడ్ సార్ తేల్చి చెప్పారు.

కమిటీకి చూపించడానికి నర్సరీలో షేడ్‌నెట్ రెండు ముక్కలు కత్తిరించాను.

"నా నెట్ కోస్తున్నవేందే?" అన్నాడు మా ఆయన.

"రెండు మూరలకు నీ నారేం మాడదు. మాడేది నా పిహెచ్‌డీ."

"గదన్న మాడితే ఇంట్ల జల్దీ అన్నం దొరుకుద్ది."

"గా ఆశతోనే ఉండు."

పై ముక్కను కొంచెం తిప్పి, రెండింటినీ చెక్క చట్రానికి మేకులతో బిగించాను. వెలుతురుకు ఎత్తితే సన్నటి వల కన్నులన్నీ కలిసి చుక్కల ముగ్గులా పెద్ద పెద్ద మచ్చలు కట్టాయి. పొరల్లో పరమాణువులు కట్టే నమూనా కూడా అలాంటిదే.

కమిటీలో నాకంటే చిన్న మేడం ఒకావిడ చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేకులెందుకు కొట్టిండ్రు?"

"లేకపోతే జారుతది గదా మేడం."

"లెక్కల గూడ కొట్టిండ్రా?"

కొట్టాను. పరమాణువులను తిప్పిన చోటి నుంచి కదలనివ్వలేదు. అన్నిటినీ సర్దుకోనిస్తే మా ల్యాబ్ కంప్యూటర్ రోజుల తరబడి మూలుగుతుంది, పైగా అవి జరిగేది వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా కాదు. అదే వాదించాను, గైడ్ సార్ గొంతు సవరించుకునేదాకా.

"గంత చిన్నదైతే వదలనీకి భయమెందుకు మీకు?" అంది మేడం.

మేకులు తీసి మళ్లీ లెక్క చేస్తానన్నాను. వేసవి సెలవుల వరకు గడువిచ్చారు.

ల్యాబ్ కంప్యూటర్‌కు "ముట్టుకోవద్దు" అని అంటించి, ముట్టుకున్నవాళ్లను తిట్టి, లెక్కలో పరమాణువులను వదిలిపెట్టాను. పరమాణువు మీద పరమాణువు పడ్డ ఇరుకు చోట్లు కుంచించుకుపోయాయి. పక్కపక్కకు జరిగి కుదురుకున్న చోట్లు పరుచుకున్నాయి. కొత్త గ్రాఫులో పట్టీకి పైనా కిందా సన్నటి ఖాళీ. పెద్దది చేసి మళ్లీ చూశాను. ఖాళీయే.

మేడంకు పంపుతూ, "మీరన్నది నిజమే. కానీ పై ఖాళీ, కింది ఖాళీ ఒక్క తీరుగా లేవు. దీని మీద మీతో కొట్లాట ఉంది" అని రాశాను.

"రండి, కొట్లాడుదాం. అంశం మార్చేది లేదు" అని జవాబొచ్చింది.

ఆ మాట చెప్పగానే మా ఆయన చట్రం వైపు చూశాడు. "అయితే ఇగ నా నెట్ నాకిస్తవా?"

"ఇయ్య. మూడో పొర గూడ గావాలె."