పడింది, పట్టింది

వేసవి విహారానికి లాంచీ ఎక్కినవాళ్ళలో ఎవరో ఒకరికి కడుపులో తిప్పడం మామూలే. రేవులో అందరూ డాక్టరమ్మ, డాక్టరమ్మ అనడం విని, వాళ్ళు నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి మాత్ర ఏదైనా ఉందా అని అడిగేవారు. ఆవిడ తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని నవ్వేది. జన్మలో ఎవరికీ మందిచ్చిన మనిషి కాదు. నాడి చూస్తుందని ఆ పేరు పెట్టారు. మనుషుల నాడి కాదు, లంగరుది.

లంగరు వెయ్యడమంటే ఇనుప కొక్కేన్ని నీళ్ళలోకి గిరాటెయ్యడమే అనుకునేవాళ్ళకు ఓ దండం. అది అడుగును తాకగానే లాంచీ ముక్కు దగ్గరున్న మనిషి ‘పడింది’ అని కేక వెయ్యాలి. వెనక స్టీరింగు పట్టుకున్న సరంగు అప్పుడు ఇంజన్ని మెల్లగా వెనక్కి నడపాలి. లాంచీ జరిగేకొద్దీ లంగరుకు కట్టిన మోకు బిగుస్తుంది, కొక్కెం మట్టిలోకి దిగుతుంది. అది దిగి కదలకుండా నిలిచాక రెండో కేక, ‘పట్టింది’. ఇంజన్ ఆపేది అప్పుడే. పడటానికీ పట్టడానికీ మధ్య ఎంత దూరముందో ఉద్యోగానికి దరఖాస్తు పడేసి ఎదురుచూసినవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆ రెండు కేకల మధ్యలోనే డాక్టరమ్మ వైద్యమంతా. మూడు వేళ్ళు మోకు మీద ఆనించి కళ్ళు మూసుకునేది. లంగరు బురదలో జారుతుంటే వేళ్ళకు తెలిసీ తెలియనట్టు మెత్తగా ఉంటుంది. ఇసకలో సన్నగా జివ్వుమంటుంది. ఆల్చిప్పల మీద గరగరమంటూ మోచేతి దాకా వస్తుంది. పట్టు దొరికినప్పుడు మాత్రం ఒక్కసారి ఊగి ఊరుకుంటుంది.

సముద్రం ఎరగని ఊరి నుంచి కాపురానికి వచ్చిందావిడ. కొత్తలో ఒకరోజు లాంచీ అంచు మీంచి వంగి, అడుగున ఏముంటుందని మొగుడైన సరంగును అడిగింది. ఆయన చాలా తీరిగ్గా ఆలోచించి, “నేల” అన్నాడు. ఆ జవాబుతో ఆయన సరిపెట్టుకోగలడేమో కాని ఆవిడవల్ల కాలేదు. కనపడని నేల ఎలా ఉంటుంది? మెట్ట ఉందా, పల్లం ఉందా, అక్కడ ఎవరేం పారేసుకున్నారు? లంగరు పైకి వచ్చినప్పుడల్లా దానికంటిన మట్టిని వేళ్ళతో నలిపి వాసన చూసేది. ఒకసారి చెంచా వచ్చింది, ఒకసారి ఆడవాళ్ళ చెప్పు మడమ వచ్చింది. ఆ మడమ గురించి వారం రోజులు ఆలోచించింది. ఒక్క చెప్పుతో ఆ మహాతల్లి ఇంటికెలా నడిచి వెళ్ళిందో అని.

ఇంజన్ చప్పుడు విని డీజిల్లో నీళ్ళు కలిశాయని చెప్పగల చెవులు సరంగువి. అవే చెవులకు ఆవిడ తన వేళ్ళ సంగతులు చెబుతుండేది. ఈరోజు అడుగున గడ్డి మొలిచినట్టుందండీ అనేది, నిన్నటి ఇసక ఎటో పోయిందండీ అనేది. ఆయన ‘ఊఁ’ అనేవాడు. చెడ్డవాడేం కాదు. ఆ ‘ఊఁ’ కి అర్థం మాత్రం, నువ్వు మాట్లాడుతున్నావని తెలిసింది అని, అంతే.

అలాంటి చెవులు నిరుటి నుంచి పాడయ్యాయి. ఆయన ఒప్పుకోలేదు. ఇంజన్ మోత పెరిగిందన్నాడు, జనం ఈమధ్య నోట్లో నోట్లో గొణుగుతున్నారన్నాడు. డాక్టరమ్మకు అర్థమైంది ఎలాగంటే, లంగరు వేసేటప్పుడు ఆయన నీళ్ళ వంక చూడటం మానేసి తన మొహం వంక చూస్తున్నాడు. ఆవిడ కేక వేసేటప్పుడు వెనక్కి తిరిగి, పెదవులు బాగా కదిలేలా వెయ్యడం మొదలుపెట్టింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ విషయం ఒక్కమాటైనా అనుకోకుండా ఏడాదిగా ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. అలాంటి సాయం చూస్తే నాకు ఒకపక్క ముచ్చటేస్తుంది, ఒకపక్క ఒళ్ళు మండుతుంది.

లాంచీ ఉన్నది సరంగు అక్క పేరున, అంటే డాక్టరమ్మకు వదిన. రేవులో టిక్కెట్ల గది ఆవిడదే. డీజిల్ పోసేవాడు ఒకటడిగితే సరంగు ఇంకోటి చెబుతున్నాడని ఆవిడ చెవినపడింది. ఒకరోజు తనూ వస్తానని కబురు చేసింది. తమ్ముడి చెవులు పోయిన మాట నిజమైతే స్టీరింగు తన అల్లుడికి అప్పగిస్తానని కూడా దాచకుండా చెప్పింది. అల్లుడు తన మనుషుల్నే తెచ్చుకుంటాడు. అంటే ఈ ఇద్దరూ గట్టున కూర్చుని లాంచీలు పోతుంటే చూడాలి. సరంగు చెట్టంత మనిషి, నీళ్ళు లేకపోతే వాడిపోతాడు. ఇక తను? గట్టున నడిచే జనానికి కాళ్ళ కింద నేల కనపడుతూనే ఉంటుంది, అందులో చూడటానికేముంది?

వదిన పెద్ద నల్ల గొడుగుతో వచ్చింది. లాంచీ రేవు దాటి, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన పాయలోకి తిరిగింది. అక్కడ నీళ్ళు కాచి చల్లార్చినట్టు గోరువెచ్చగా ఉంటాయి, అల అన్నది ఉండదు. మధ్యాహ్నం దాటాక మాత్రం పాయ సముద్రంలో కలిసే మొగలోంచి గాలి లోపలికి తోస్తుంది. లోపలి చివర నీళ్ళకు జానెడు పైకి తేలిన రాళ్ళున్నాయి. అందుకే లాంచీ ముక్కు గాలివైపు తిప్పి, రాళ్ళు వెనకుండేలా లంగరు వేస్తారు.

వదిన కుర్చీ తెప్పించుకుని సరిగ్గా స్టీరింగుకూ ముక్కుకూ మధ్య వేయించుకుంది. ఎండ మీద పడటంతో గొడుగు విప్పింది. తనిఖీ చెయ్యడానికి వచ్చిన మనిషి తనిఖీకి అడ్డంగా కూర్చుంది పాపం. ఆ గొడుగు అవతల డాక్టరమ్మకు ఆయన మొహమే కనపడటం లేదు.

లంగరు అడుగు తాకింది. ఆవిడ గొంతు చించుకుని “పడింది” అంది. వెంటనే ఇంజన్ ఆగిపోయింది.

ఆయనకు ‘పట్టింది’ అని చేరింది.

మోకు మీద వేళ్ళు పెట్టింది. గరగర. లంగరు ఆల్చిప్పల మీద దేక్కుంటూ వస్తోంది. గాలి లాంచీని మెత్తగా, ఎవరికీ తెలియకుండా వెనక్కి తోస్తోంది. యాత్రికులు అప్పుడే తువ్వాళ్ళు తీసి వెనక నిచ్చెన దగ్గర చేరారు. నిజం చెప్పకుండా గండం గట్టెక్కే దారి ఒక్కటుంది. మోకు ఇంకొంచెం వదిలితే లంగరు పట్టొచ్చు. ఒక బార వదిలింది. ఇంకో బార. వదిలిన ప్రతి బారా లాంచీని రాళ్ళకు దగ్గర చేస్తోంది, గరగర మాత్రం ఆగలేదు. ఇంక మోకు మిగల్లేదు.

“పట్టలేదు” అని అరిచింది.

గొడుగు అవతలి నుంచి సరంగు హాయిగా, “సరే, దిగండి బాబూ, నీళ్ళు బాగున్నాయి” అని యాత్రికులకు చెప్పడం వినిపించింది.

వదిన తల తిప్పి తమ్ముడి వంక చూసింది. ఇంక దాచడానికేమీ లేదు. డాక్టరమ్మ మోకు ముడేసి, గొడుగు చుట్టూ తిరిగి వెళ్ళి మొగుడి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు. పెదవులతో మాత్రం చెప్పింది, పట్టలేదని. ఆయన వెనక్కి తిరిగి రాళ్ళను చూశాడు. నిచ్చెన మీదున్నవాళ్ళను పైకి రమ్మని, ఇంజన్ తిప్పి లాంచీని ముందుకు లాక్కుపోయాడు. మళ్ళీ లంగరు వెయ్యబోతుంటే వదిన ఎవరూ అడక్కుండానే గొడుగు ముడిచింది.

లాంచీ తిరిగొచ్చింది. రేవులో తాళ్ళు కట్టి, యాత్రికులంతా దిగిపోయాక వదిన తమ్ముణ్ణి పిలిచింది.

“అల్లుడి మాట ఇప్పుడొద్దు. రేపట్నుంచి నువ్వు ముందు కూర్చో. స్టీరింగు నీ పెళ్ళాం పట్టుకుంటుంది.”

ఆ మాట ఆయన అక్క పెదవుల మీదే చదివాడు. “నన్ను మోకు లాగమంటావా అక్కా, ఇన్నేళ్ళొచ్చాక?”

“చెవులున్నవాళ్ళు ఇంజన్ దగ్గరుండాలి. నాడి చూడ్డానికి చెవులెందుకురా?”

డాక్టరమ్మకు ముందు సంతోషం వేసింది. సరంగు అన్నం తినేటప్పుడల్లా తను తిప్పిన స్టీరింగే, ఇప్పుడు తనది. ఆ తర్వాత సిగ్గేసింది, ఆయన చేతిలోంచి జారినదాన్ని చూసి సంతోషించానే అని. రెండూ కలిసే ఇంటికి వచ్చాయి. ఆయన ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు సరంగు లాంచీ ముక్కు మీద అలిగినవాడిలా కూర్చున్నాడు. పాయలో అదే చోట లంగరు వదిలి, వెనక్కి తిరక్కుండానే “పడింది” అన్నాడు. డాక్టరమ్మ ఇంజన్ని వెనక్కి నడిపింది. మోకు బిగుసుకుంది. రెండో కేక రాలేదు. ఆయన వీపే కనిపిస్తోంది, చెయ్యి మోకు మీదుంది. ఆవిడ ఓపిగ్గా నడుపుతూనే ఉంది. ముందు మంకుపట్టు అనుకుంది. తర్వాత చూస్తే ఆయన మెడ పక్కకు వాల్చి, పసిపిల్లాడు గోడకు చెవి ఆనించినట్టు చేతి మీదికి వంగిపోయి ఉన్నాడు.

అప్పుడు తిరిగాడు. ఏడాదిగా ఆ మొహంలో లేని వెలుగు ఉంది.

“కింద గడ్డి ఉంది కదూ? గడ్డిలోంచి పోయి ఇసకలో పడింది. ఏవో చిప్పలు కూడా తగిలాయి. అన్నీ చెబుతోందే ఇది.” నిజంగానే నొచ్చుకుంటూ అడిగాడు. “ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకెందుకు చెప్పలేదే?”

ఆవిడ ఆయనకు కనపడేలా మొహం ఎత్తి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

“రోజూ చెప్పాను. అప్పుడు మీకు చెవులు బాగానే వినపడేవి.”

ఆయన ఈసారి ‘ఊఁ’ అనలేదు. మళ్ళీ మోకువైపు తిరిగి మూడు వేళ్ళు ఆనించాడు, ఆవిడలాగే కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మోకు ఒక్కసారి ఊగి ఊరుకుంది.

“పట్టింది” అన్నాడు మెల్లగా. ఇంజన్ మోతలో కూడా ఆ మాట ఆవిడకు వినపడింది.