రంగు మారిన యారో మొక్కతో కొత్తగూడ దాకా

జనవరి పన్నెండున నేను కొన్నది ఎర్ర యారో. నెలాఖరుకు కుండీలో మిగిలింది ఎండుగడ్డి రంగు యారో. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఒకటి అడిగి ఇంకొకటి పుచ్చుకోవడం నాకు చేతకాదు. అందుకే ఫిబ్రవరి మొదటి శనివారం ఆ కుండీని బుట్టలో పెట్టుకుని, చందానగర్‌లోని మా అమ్మాయి ఇంటి నుంచి కొత్తగూడ అవతలి నర్సరీకి బయలుదేరాను. తిరిగి ఇచ్చేయాలన్నదే ఉద్దేశం. యారోను చూడనివారికి చెబుతున్నాను: క్యారెట్ ఆకులా సన్నగా చీలిన ఆకు, నిటారు కాడ, దాని కొసన ధనియాలంత మొగ్గలు విచ్చుకుని అరచేయంత చదునైన గుత్తి. మన ఎండకు ఓర్చదు, చలికాలంలోనే చూడాలి.

ఏడుంపావుకు మార్కెట్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను. హఫీజ్‌పేట, కొండాపూర్ మీదుగా కొత్తగూడ చౌరస్తాకు ఆరు రూపాయలు. “బుట్ట ఒళ్ళో పెట్టుకో పెద్దమ్మా, లేకుంటే దానికి గూడ కిరాయి ఇయ్యాలె” అన్నాడు డ్రైవరు. పెట్టుకున్నాను. “హైటెక్ సిటీకి పూలు అమ్మనీకి పోతున్నవా?” అన్నాడు. “తప్పు సరుకు వాపసు చేయడానికి” అన్నాను. “అట్లయితే జర గట్టిగనే అడుగు” అని ఉత్సాహపరిచాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కంకర కుప్పల మధ్య ముప్పావు గంట పట్టింది. చౌరస్తాలో దిగితే నర్సరీకి పది నిమిషాల నడక. దూరాన కొత్త గుండ్రటి భవనం అద్దాలు మెరుస్తుంటాయి కనుక దారి తప్పే ప్రశ్న లేదు.

నర్సరీలో మొక్కలు పెంచేది బాలమణి. పాలమూరు వైపు నుంచి వచ్చి, నాలుగేళ్ళు భవనాల దగ్గర ఇటుకలు మోసి, కిందటేడే ఈ పనిలో కుదిరింది. ప్రతి మొక్కా గుత్తి విచ్చిన రోజున దాని రంగు చూసి, అదే రంగు చీరపీలిక కాడకు కడుతుంది. నేను ఎర్ర పీలిక చూసే కొన్నాను. ఆ ఉదయం ఆమె ముందు అరవై యారో కుండీలు వరుసగా ఉన్నాయి. ఎదురుగా ఒక కొత్త ఆఫీసు తోట చూసే సూపర్‌వైజరు, చేతిలో అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఆర్డర్ మొత్తం రెడ్ అని చెప్పాం కదా. ఇందులో పింక్ ఉంది, క్రీమ్ ఉంది, ఇదేంటో బిస్కెట్ కలర్. మొత్తం క్యాన్సిల్ చేస్తున్నా” అన్నాడు.

“గట్లనకు సారూ. వాపసొస్తె మా సేటు నన్ను పనిల ఉంచడు. మళ్ళ ఇటుకలు మొయ్యాలె నేను” అంది బాలమణి.

సరిగ్గా అప్పుడు నేను బుట్ట దించాను. “నాకూ ఇదే జరిగింది. ఎరుపని ఇచ్చి గడ్డిరంగు అంటగట్టారు. తేదీలతో సహా నోటు పుస్తకంలో రాసుకున్నాను” అన్నాను. సూపర్‌వైజరు అట్ట మీద కాగితం తిప్పి, “చూశావా, మేడం కూడా అదే అంటున్నారు” అన్నాడు. బాలమణి నా కుండీని దగ్గరకు లాక్కుంది.

నోటు పుస్తకం తెరిచి గట్టిగా చదివాను. పన్నెండున ఎరుపు. పద్దెనిమిదిన ఇటుకరంగు. ఇరవై నాలుగున వెలిసిన గులాబి. ముప్పైన గడ్డిరంగు. చదువుతుంటేనే నా గొంతు తగ్గింది. వేరే మొక్క ఇచ్చి ఉంటే మొదటి రోజు ఎరుపని నేనెలా రాశాను?

“కింద జూసినవా అమ్మా?” అని బాలమణి వంగి ఆకులు పక్కకు తీసింది. పక్క కొమ్మన అప్పుడే విచ్చిన చిన్న గుత్తి. చక్కటి ఎరుపు. నేను ఇన్ని రోజులూ పైగుత్తినే చూసి రాశాను. కింది మొగ్గలు నా పుస్తకంలోకి ఎక్కనే లేదు.

“తప్పు నాది. ఇది ముసలైన పువ్వు, వేరే రంగు కాదు. నా ఫిర్యాదు కొట్టేయండి” అన్నాను సూపర్‌వైజరుతో. అతను నమ్మలేదు. “ముసలి గుత్తులు కోసెయ్ బాలమణీ, లేతవి ఏ రంగో చూద్దాం” అన్నాను.

కత్తెర తెచ్చింది. ఒక్కొక్క కుండీ చూసుకుంటూ వెళ్ళాం. ఎర్ర పీలికలున్న ముప్పై ఎనిమిదింటిలోనూ లేతగుత్తి ఎర్రగానే ఉంది. మిగతా ఇరవై రెండు పీలికల ప్రకారమే గులాబి, మీగడ రంగు. ఎర్రవి అరవైకి చాలక వాటినీ వరుసలో చేర్చారట. విత్తనాల పొట్లంలోనే అన్ని రంగులూ కలిసి వచ్చాయట.

“విత్తనమేస్తె దాని ఇష్టమున్న రంగొస్తది. పిలకలు దీసి నాటితె తల్లి రంగే, పసుపుదుంప లెక్క” అంది బాలమణి. “ఎర్రవాటికి పిలకలున్నయి సారూ. ఇగ ఇయ్యాల్నే విడదీస్త.”

సూపర్‌వైజరు అట్ట మీద కాగితంలో అంకె దిద్దాడు. “ముప్పై ఎనిమిది ఇప్పుడు తీసుకుంటా. మిగతావి పిలకలు బతికాక. మళ్ళీ కలర్ మారిందంటే మేడంనే పిలిపిస్తా” అన్నాడు. “పిలవండి, ఆటోకు ఆరు రూపాయలే” అన్నాను. బాలమణి అప్పటికే పార అందుకుంది.

నా కుండీని మళ్ళీ బుట్టలో పెట్టుకుని ఇంటిదారి పట్టాను. పది గంటలకు కొత్తగూడలో ఎక్కిన బస్సు నిండా టిఫిన్ డబ్బాలు, ఐడీ కార్డులు. కిటికీలోంచి సగం లేచిన భవనాలు చూస్తూ, ఇన్ని రోజులు శ్రద్ధగా రాసి కూడా ఒక మనిషి పని పోగొట్టబోయానే అనుకున్నాను. రాయడంలో పొరపాటు లేదు. ఎక్కడ చూడాలో తెలియకపోవడమే పొరపాటు. అది దిద్దుకోవడానికి ఈ వయసులోనూ వీలుందని తెలిసి మనసు తేలికపడింది.

వెళ్ళేవారికి ఒక్క మాట: ఎండ ముదరకముందే, తొమ్మిదిలోపు చేరుకోండి. పైగుత్తి చూసి కాక అన్నిటికన్నా లేతగుత్తి చూసి మొక్కను ఎంచుకోండి. అదే రంగు మరిన్ని కావాలంటే విత్తనం అడగకండి, పిలక అడగండి.