బైబిలు కవర్లో బావి నీళ్ళు

మా కాలేజీ లైబ్రరీలో సలోమి గారిది అసిస్టెంటు ఉద్యోగం. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆవిడ సంపాదించుకున్నవి బీరువా తాళాలూ, స్టాఫ్‌రూమ్‌లో మా వెక్కిరింపులూ. వెక్కిరించినవాళ్ళలో ముందుండేవాణ్ణి నేనే. పేరు తాతారావు, కెమిస్ట్రీ చెబుతాను. కాలేజీ పరిశోధన పత్రికకు సంపాదకుణ్ణి కూడా. దేశమంతా దాన్ని చదువుతుందని నా నమ్మకం. దేశానికి ఆ సంగతి తెలియదు.

ఎనిమిదేళ్ళ కిందట ప్రిన్సిపాల్ రామ్మోహనరావు గారు పాత సంచికలన్నీ స్కాన్ చేయించి వెబ్‌సైట్‌లో పెట్టించారు. ఇక శాశ్వతమని సభ పెట్టి, శాలువా కప్పించుకుని, మర్నాడే కాగితం ప్రతులను పాత పేపర్ల బండికెత్తించారు. సలోమి గారు మాత్రం ఆ ఫైళ్ళను ఆరు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, తమ చర్చి స్త్రీల సమాజంలో ఆరుగురికి పంచారు. వాళ్ళు వాటిని బైబిలు జిప్పు కవర్లలో దాచారు. ప్రతి శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన కూటం. ఆమెన్ అన్నాక, టీ వచ్చేలోపు, ఆ ఇంటి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసి ఆవిడ నోటుబుక్కులో తేదీ వేసుకునేది. ఏదైనా పాడైతే ఇంకో ఇంటి నుంచి మళ్ళీ కాపీ. పెన్‌డ్రైవ్‌లకు బాప్తిస్మం కూడా ఇప్పించారా అని అడిగాను. అందరూ నవ్వారు. పాపం, ఆవిడా నవ్వింది.

పోయినేడు వెబ్‌సైట్ మార్చారు. కొత్తదాంట్లో ప్రిన్సిపాల్ గారు రిబ్బన్లు కత్తిరించే ఫొటోలు నలభై ఉన్నాయి, పత్రిక లేదు. సరిగ్గా అప్పుడే నా ప్రొఫెసర్ ప్రమోషన్ కదిలింది. బన్సీలాల్‌పేట్ మెట్లబావి నీళ్ళ మీద మా పత్రికలో నేను రాసిన వ్యాసం, అచ్చయిన రూపంలో, సోమవారంలోగా చూపించాలన్నారు. నా ప్రతి ఏమైందంటారా? ఇల్లు సర్దుతూ మా ఆవిడ కామేశ్వరమ్మ దాన్నీ పాత పేపర్లవాడికే వేసింది. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. ఇప్పుడు తప్పితే మరి రాదు.

సిగ్గు చంపుకుని సలోమి గారి దగ్గరికి వెళ్ళాను. వెంటనే నన్ను మారేడ్‌పల్లిలో, ఆ ఆరుగురిలో ఒకరైన మేబెల్ గారింటికి తీసుకెళ్ళారు. అక్కడి పెన్‌డ్రైవ్ తెరుచుకోలేదు. రెండు సందుల అవతల బ్యూలా గారి బైబిలు కవర్లోంచి తీసిన పెన్‌డ్రైవ్‌లో నా వ్యాసం, పేజీ నంబర్లతో సహా, నిక్షేపంగా ఉంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు.

ప్రమోషన్ వచ్చింది. సన్మాన సభలో ప్రిన్సిపాల్ గారు తన దూరదృష్టి వల్లే వ్యాసం దొరికిందన్నారు. తరవాత మైకు నా చేతికొచ్చింది. సలోమి గారు చివరి వరసలో కూర్చుని ఉన్నారు. నేను ప్రిన్సిపాల్ గారికి ధన్యవాదాలు చెప్పి దిగాను. ప్రొఫెసర్ని కదా మరి!

మర్నాడు ఆవిడ మా ఇంటికొచ్చింది. కడిగేస్తుందనుకున్నాను. ఒక కొత్త పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

"మేబెలక్క దగ్గరిది ఖరాబైంది సార్. దాని బదులు ఇది మీ ఇంట్ల పెట్టుండ్రి. నెలకోసారి వచ్చి చూస్తా."

"నిన్న నేను మీ పేరు చెప్పలేదు సలోమి గారూ."

"తెలుసు సార్. నేను ఆడనే ఉన్న కదా. జెర తడి తగలకుండ పెట్టుండ్రి."

మా ఇంట్లో బైబిలు లేదు. ఉన్న జిప్పు కవరు ఒక్కటే, అందులో ప్రమోషన్ ఆర్డరు ఉంది. ఆర్డరు బయటికి తీసేసి పెన్‌డ్రైవ్ అందులో పెట్టాను. ఆవిడ నోటుబుక్కు తెరిచి, మేబెల్ గారి పేరు కొట్టేసి, దాని కింద నా పేరు రాసుకుంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.