నాగశివ నొక్కిన బొత్తాం

బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి కూడా నాగశివకు వల విసరడం రాదు. ఆ ముక్క మీద తండ్రి అంకయ్య ఇప్పటికీ రుసరుసలాడుతూనే ఉంటాడు. రైఫిల్ ఇస్తే మాత్రం నాగశివ కళ్లు మూసుకుని విప్పి మళ్లీ బిగిస్తాడు. ఇరవై రెండేళ్లు సైన్యంలో ఆయుధాలు బాగుచేసి, హవల్దారుగా ఇంటికొచ్చాడు.

వచ్చాక అతనికి మిగిలిన గొడవ ఒక్కటే, బొత్తాం గొడవ. చివరి ఏళ్లలో చేతికొచ్చిన కొత్త రైఫిళ్లకు కుడిపక్కన చిన్న బొత్తాం ఉండేది. ఫార్వర్డ్ అసిస్ట్ అంటారు. తూటాను గొట్టంలోకి తోసే బోల్టు పూర్తిగా పడకుండా వెంట్రుకవాసిలో ఆగిపోతే, అది నొక్కి ముందుకు పంపొచ్చు. టీకొట్టు దగ్గర ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు: "పనికొస్తుందిరా. కాకపోతే ముందు చూడాలి, తర్వాత నొక్కాలి."

భార్య గంగరత్నానికి ఆ ఉపన్యాసం వింటే నవ్వు. ఆమె నడిపే చేపల ఆటోకి వెనక తలుపు సరిగా పడదు. రేపల్లె బజారులోనైనా, తెనాలిలోనైనా తుంటితో ఒక్క తోపు తోస్తే పడాల్సిందే. "నా బొత్తాం ఇదేనయ్యా" అనేది.

ఆ సోమవారం ఆటోలో చేపల పెట్టెలతో పాటు నాగశివ ఆకుపచ్చ ట్రంకు పెట్టె కూడా ఎక్కింది. తెనాలిలో ఒక సెక్యూరిటీ శిక్షణ కేంద్రంలో మాస్టారు ఉద్యోగానికి పరీక్ష. వస్తే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. రాకపోతే సాయంత్రం బండికే హైదరాబాదు, కాపలా పనికి. ఇన్నేళ్లూ సెలవులకు వచ్చిపోయిన మనిషికి మళ్లీ పెట్టె సర్దుకోవడం కష్టంగా ఉంది. గంగరత్నానికి ఇంకా కష్టంగా ఉంది.

కేంద్రం నడిపే జగన్నాథరావు బల్ల మీద రైఫిల్, మందులేని డమ్మీ తూటాలు పెట్టి, లోడ్ చేసి చూపించమన్నాడు. నాగశివ బోల్టు లాగి వదిలాడు. అది పూర్తిగా పడకుండా, ఇంకా కాస్త దూరం ఉండగానే ఆగింది. కంగారులో బొటనవేలు దానంతటదే బొత్తాం మీదికి పోయింది. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. తూటా ఇరుక్కుపోయింది.

ఊరందరికీ పాఠం చెప్పినవాడు బొత్తాం మీంచి వేలు తీసేశాడు.

"ఏమైందండి?" అన్నాడు జగన్నాథరావు.

"చూడకుండా నొక్కానండి. తప్పు నాదే."

గొట్టం గోడవైపు తిప్పి, తూటాలుండే మ్యాగజైన్ తీసేసి, కాసేపు తంటాలు పడి తూటాను బయటికి లాగాడు. దాని మూతి సొట్టపడి ఉంది. "ఇలాంటిదాన్ని తోస్తే ఇంకా బిగుస్తుందండి. తీసి పారెయ్యాలి. తూటా బాగుండి, కాస్త దుమ్ము వల్లో, చప్పుడు కాకుండా మెల్లగా వదలడం వల్లో బోల్టు ఆగితేనే ఈ బొత్తాం." మంచి తూటా పెట్టి, బోల్టు మెల్లగా వదిలి, తొంగిచూసి, ఒక్కసారి నొక్కాడు. టక్కున పడింది.

జగన్నాథరావు నవ్వాడు. "ఆ సొట్ట తూటా నేనే పెట్టానండి. పొద్దున్నుంచి నలుగురు నొక్కారు. నలుగురూ రైఫిల్‌నే తిట్టారు. మీరు ఎల్లుండి నుంచి వచ్చేయండి."

బజారులో ఆ మాట విని గంగరత్నం కాస్త ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఖాళీ పెట్టెలు ఆటోలో సర్దింది. తలుపు పడలేదు. తుంటితో తోయబోయింది.

"ఆగవే, ఆగు" అంటూ నాగశివ వంగి చూశాడు. ట్రంకు పెట్టె పిడి తలుపుకి అడ్డం పడుతోంది. పిడి మడిచి, పెట్టెను లోపలికి జరిపాడు. తలుపు ఈసారి వెంట్రుకవాసిలో ఆగింది.

"ఇప్పుడు తొయ్యి."

టక్కున పడింది.

"రేపట్నుంచి ఈ పెట్టెలో ఎండుచేపలు పోస్తా. ఇక నువ్వడిగినా ఇవ్వను" అని గంగరత్నం ఆటోను ఇంటివైపు తిప్పింది.