నొప్పి లేదన్న చెయ్యి

ఒమన్‌లోని సోహార్‌లో దిగేసరికి ఉదయం ఆరున్నర. అప్పటికే కంపెనీ బస్సు సీటు కాలుతోంది. ఇరవై ఏళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేశాను. రిటైరయ్యాక వచ్చిన ఈ రెండేళ్ల కాంట్రాక్టునూ పోస్టింగ్ అనే అన్నాను. "యూనిఫాం విప్పారు గానీ బుద్ధి విప్పలేదు," అని మా ఆవిడ నవ్వింది.

భవనాలు కట్టే ఆ సైటు మొత్తానికి మెడిక్‌ని నేనొక్కణ్ణే. ఒక ఏసీ క్యాబిన్, స్ట్రెచర్, బద్దలు, దూది, వాకీటాకీ ఇచ్చారు. కత్తెర మాత్రం నా సొంతం, సైన్యం నాటిది.

జూలై. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండకి పని బంద్. ఒంటిగంట పదికి అందరూ నీళ్లు తాగుతున్నారో లేదో చూద్దామని రెస్ట్ షెడ్‌కి వెళ్లాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన, కాంక్రీటుకి చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఒకడు ఎడమ చేతిని తువ్వాలు కింద దాచి పడుకున్నాడు. దాచాడంటేనే అనుమానం. తువ్వాలు తీశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా ప్లైవుడ్ బద్దలు, వాటిమీద బిర్రుగా చుట్టిన గుడ్డ.

"పదిగంటలకు పైపు పడ్డది సార్," అన్నాడు పక్కనున్న మేస్త్రి. "మా తాత ఊర్ల ఎముకలు కట్టెటోడు. నేనే కట్టిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"రిపోర్ట్ రాస్తే ఇంటికి పంపుతరని భయపడ్డడు. ఇప్పుడు మంచిగున్నది సార్. నొప్పి సుత లేదు."

ఆ మాటకి షెడ్డంతా సంతోషించింది. నేను మాత్రం వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎముక విరిగినవాడికి మూడు గంటల్లో నొప్పి పోదు. పోయిందంటే చెయ్యే పోతోందని అర్థం.

రెండు చేతులూ పోల్చి చూశాను. కుడి వేళ్లు వెచ్చగా ఉన్నాయి, ఎడమవి చల్లగా, పాలిపోయి. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. రెండు లెక్కపెట్టేలోపు ఎర్రబడాలి. ఆరు దాకా లెక్కపెట్టాను, తెల్లగానే ఉంది. కళ్లు మూసుకోమని చిటికెనవేలు ముట్టాను.

"ఏ వేలు?"

"ముట్టినవా సార్?"

కత్తెర తీశాను. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "విప్పితె ఎముక జరుగుతది సార్."

"ఎముక జరిగితే సర్దుతారు. కండ చచ్చిపోతే ఎవరూ బతికించలేరు. జరుగు!"

జరిగాడు. ఒకటీ పద్దెనిమిదికి కట్టు మొత్తం పైనుంచి కిందికి కోసేశాను. చేతికింద మెత్త పెట్టి, వదులుగా బద్ద ఆనించి, గుండె ఎత్తులో ఉంచాను.

"కంట్రోల్, మెడిక్. ముంజేయి విరిగింది, వేళ్లకి రక్తం అందడం లేదు. రెండో గేటుకి అంబులెన్స్."

"మధ్యాహ్నం బ్రేక్ అయ్యాక పంపనా?"

"అప్పటికి చెయ్యి ఉండదు. ఇప్పుడే."

"ఓకే, పంపుతున్నా."

ఇక నా చూపంతా గోరు మీదే. తెలుపు. తెలుపు. అయిదో నిమిషంలో వాడు ఒక్కసారిగా కేక పెట్టాడు. "అమ్మా! సస్తున్న సార్!"

"మంచిగున్నోన్ని ఏడిపిస్తివి గద సార్!" అని మేస్త్రి నామీదికొచ్చాడు. నేను నవ్వుతున్నాను. రక్తం తిరిగొచ్చిందనే ఆ నొప్పి. అంత కమ్మని కేక నేనెప్పుడూ వినలేదు.

అంబులెన్స్‌లో వాడి వేళ్లు కాస్త చాపితే చాలు, ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. లోపల వాపు నొక్కుతోందని ఆసుపత్రికి ఫోన్‌లో ముందే చెప్పాను. సాయంత్రానికి కోత పెట్టి ఆ ఒత్తిడి తీశారు. చెయ్యి దక్కింది. ఇంటికీ పంపలేదు, నయమయ్యేదాకా టూల్ స్టోర్‌లో డ్యూటీ వేశారు. ఆ తర్వాత ఎవరి వేలు చితికినా మేస్త్రే రెక్క పట్టుకుని నా క్యాబిన్‌కి లాక్కొచ్చేవాడు.

నేను తిరిగొచ్చే రోజు నా పెట్టె బస్సులోకి ఎక్కించింది ఆ కార్పెంటరే. కావాలనే ఎడమచేత్తో ఎత్తాడు.

ఇప్పుడు ఇంట్లో ఎవరి చెయ్యి అందినా గోరు నొక్కి చూస్తాను. మా ఆవిడ విసుక్కుంటుంది. నేను లెక్కపెడుతూనే ఉంటాను. ఒకటి, రెండు. నా కళ్లకు మాత్రం సుత్తి దెబ్బలు తిన్న ఆ కార్పెంటర్ బొటనవేలి గోరు కింద, అంచు నుంచి మెల్లగా, ఎరుపు పాకుతూ కనిపిస్తుంది.